డీఎంఎల్‌టీ కోర్సు చేశాను: రేటింగ్ అయిదుకు మూడు

మా చిన్నమ్మ బిడ్డ ఈసారి ఇంటర్ బైపీసీ పాసైంది. "అక్కా, నువ్వు చదివిన కాలేజీలోనే చేరనా?" అని రోజూ ఫోన్. ఆమెకు ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒక్కసారి రాసి పెడితే నయమనిపించింది.

మాది మునుగోడు దగ్గర పల్లె. 2021లో నల్లగొండలో ఒక ప్రైవేటు పారామెడికల్ కాలేజీలో డీఎంఎల్‌టీలో చేరాను. రక్త పరీక్షలు చేసే ల్యాబ్ టెక్నీషియన్ పని నేర్పే రెండేళ్ల డిప్లొమా. ఏడాదికి 45 వేలు, మేనేజ్‌మెంట్ సీటు కాబట్టి రీయింబర్స్‌మెంట్ మాటే లేదు. 90 వేలతో అయిపోతుందని నాయిన అనుకున్నాడు. పరీక్ష ఫీజు, రికార్డులు, ఆప్రాన్, ప్రాక్టికల్స్ ముందు రసీదు ఇవ్వకుండా తీసుకున్నది కలిపి ఇంకో 14 వేలు. బస్ పాసు, మధ్యాహ్నం తిండికి 30 వేలు. సర్టిఫికెట్లకు, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్‌కు, దానికోసం హైదరాబాద్ తిరిగినదానికి 6 వేలు. (ఆడవాళ్లకు ఉచిత బస్సు 2023 డిసెంబరులో వచ్చింది. నా చదువు అప్పుడే అయిపోయింది. నా అదృష్టం ఎప్పుడూ అంతే.) ఇందులో 60 వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి. నెలకు 1,200 లెక్కన చదివిన రెండేళ్లకే వడ్డీ 28,800. మొత్తం 1,68,800. కాలేజీ వాళ్లు ఇచ్చిన రంగుల కాగితంలో ఈ అంకె ఉండదు.

ఇక చదువు. థియరీ సార్లు మంచిగా చెప్పారు, అందులో వంక పెట్టడానికి లేదు. ల్యాబే లోటు. అరవై మందికి పనిచేసే మైక్రోస్కోపులు రెండు. రక్తంలో షుగర్ లాంటివి కొలిచే మిషన్, సెమీ ఆటో అనలైజర్ ఒకటి ఉండేది. దాని మీద నీలం కవర్, కవర్ మీద దుమ్ము. తనిఖీ ఉన్న రోజు ఒకసారి కవర్ తీశారు, సాయంత్రానికి మళ్లీ కప్పేశారు. పోస్టింగ్ పేరుతో ఒక దవాఖానాకు పంపితే అక్కడ చీటీలు రాసి, పేషెంట్లను లైన్లో నిలబెట్టడమే నా పనైంది. రెండేళ్లలో నా చేత్తో తీసిన రక్తం ఇరవై మందిది కూడా ఉండదు.

2024 జనవరిలో గడియారం సెంటర్ దగ్గర ఒక ల్యాబ్‌లో 8 వేలకు చేరాను. మొదటి నెలలోనే ఒక పెద్దాయన వచ్చాడు. నరం దొరకలేదు, రక్తం సరిగా రాలేదు. ఊదా మూత ట్యూబు నిండింది గానీ ఎరుపు మూతది సగం కూడా కాలేదు. అదీ ఇదీ ఒకే మనిషి రక్తమే కదా అని ఊదా దాంట్లోంచి ఎరుపు దాంట్లోకి కాస్త ఒంపేశాను. రిపోర్టులో పొటాషియం 9 దాటింది, కాల్షియం పడిపోయింది. సీనియర్ అన్న కాగితం చూశాడు, బయట బెంచీ మీద చాయ్ తాగుతున్న పెద్దాయనను చూశాడు.

"ఈ పొటాషియం ఉన్న మనిషి అట్ల కూసుంటడా? ట్యూబులు కలిపినవా?"

ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే మందు పొటాషియం ఉప్పే. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఈడీటీఏ అంటే ఏంటో పరీక్షలో అయిదు మార్కులకు రాశాను కూడా. మళ్లీ సూది గుచ్చితే పెద్దాయన "ఏం కాదు బిడ్డా, తియ్యి" అన్నాడు. ఇప్పటికీ ఊదా మూత పట్టుకుంటే ఆయనే గుర్తొస్తాడు. ముందు నీలం, తర్వాత ఎరుపు, ఆ తర్వాత ఊదా, చివర షుగర్‌కు బూడిద రంగు అని ట్యూబులు నింపే వరుస నేర్పింది ఆ అన్నే. రాత్రి డ్యూటీల్లో, ఫీజు లేకుండా.

ఆరు నెలలకు 10 వేలు చేశారు. ఇప్పుడు నైట్లతో కలిపి 14 వేలు, ఇంటికి వెళ్లి శాంపిల్ తెస్తే ఒక్కోదానికి 50. హైదరాబాద్‌లో 18 వేలకు పిలిచారు గానీ హాస్టల్ 7 వేలు పోతే మిగిలేది 11 వేలే. నాతో ఇంటర్ చదివిన అమ్మాయి ఏ కోర్సూ లేకుండా బట్టల షాపులో చేరి 9 వేలతో మొదలుపెట్టింది. మొదటి ఆరు నెలలు ఆమెను చూస్తే కడుపు మండేది. ఇప్పుడు ఆమెది 11 వేలు. మా అప్పులో అసలు మాత్రం నిరుడు బత్తాయి అమ్మిన డబ్బు కలిపితేనే తీరింది.

సర్కారు ఉద్యోగం ఆశ కూడా చెప్పాలి. 2024లో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు వేశారు, మూల వేతనం 32,810 నుంచి. పరీక్షకు 80 మార్కులు, సర్కారు దవాఖానాల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్‌గా చేసినవాళ్లకు 20 వరకు వెయిటేజీ. ప్రైవేటులో ఎన్ని నైట్లు చేసినా ఆ 20లో సున్నానే. నేను రాశాను, రాలేదు. కానీ బోర్డు రిజిస్ట్రేషన్ లేకపోతే అప్లికేషనే పెట్టలేకపోయేదాన్ని. నేను ఇచ్చిన మూడు స్టార్లలో రెండు ఆ రిజిస్ట్రేషన్ నంబర్‌కే, ఒకటి థియరీ సార్లకు.

మా చెల్లెని చేరొద్దని అనడం లేదు. వచ్చే సోమవారం ఇద్దరం కాలేజీకి వెళ్తున్నాం. ఫీజు మాట్లాడేముందు ఆ నీలం కవర్ తీసి మిషన్ ఆన్ చేసి చూపించమని అడుగుతాను.