బొటాక్స్ ప్యాకేజీ కొనబోతున్నారా? ముందు వయల్ చూపించమనండి

పెళ్ళిళ్ళ సీజన్ దగ్గరపడితే చాలు, హైదరాబాద్ స్కిన్ క్లినిక్‌ల మెసేజ్‌లతో ఫోన్ నిండిపోతుంది. మూడు ఏరియాలు ఒకే రేటు, తోడుగా ఇంకొకరిని తెస్తే ఇద్దరికీ డిస్కౌంట్, ఈ ఆదివారం దాటితే ఆఫర్ ఉండదు. అలాంటి బొటాక్స్ (ముడతలు తగ్గించే ఇంజెక్షన్) ప్యాకేజీ ఒకటి 18 వేలు కట్టి, మాదాపూర్ వైపున్న ఒక క్లినిక్‌లో చేయించుకున్నాను. నుదుటి గీతలు, కనుబొమల మధ్య నిలువు గీతలు, కళ్ళ పక్క ముడతలు, మూడూ ఒకే సిట్టింగ్‌లో. వారం తిరిగేసరికి ఎడమ కనురెప్ప సగానికి జారిపోయింది. అది మళ్ళీ మామూలుగా తెరుచుకోవడానికి రెండు నెలల దాకా పట్టింది.

క్లినిక్ పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి. బొటాక్స్ జోలికే పోవద్దని చెప్పడం కూడా నా ఉద్దేశం కాదు. రెప్ప జారడం ఈ ఇంజెక్షన్‌కి తెలిసిన సైడ్ ఎఫెక్టే, చెయ్యి తిరిగిన డాక్టర్ దగ్గర కూడా అప్పుడప్పుడూ జరుగుతుంది. నా గొడవంతా ఆ తర్వాత జరిగినదాని గురించి. ఏ మందు వేశారు, ఎన్ని యూనిట్లు, ఎక్కడెక్కడ పొడిచారు అని అడిగితే ఒక్క ముక్క కాగితం ఇవ్వలేదు. ఆ కాగితం లేకపోతే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ఆవిడ సగం చీకట్లో వైద్యం చేయాల్సి వస్తుంది.

ముందు ఆ రోజు గది లోపల ఏం జరిగిందో చెప్తాను, మీకు పోల్చుకోవడానికి పనికొస్తుంది. బోర్డు మీద పేరున్న డాక్టర్ గారు లోపలికి వచ్చి, అద్దంలో నా ముఖం చూసి, "చాలా మైల్డ్‌గా చేద్దాం" అని వెళ్ళిపోయారు. తర్వాత ఇంకో అమ్మాయి వచ్చింది. అందరూ ఆవిణ్ణి కూడా డాక్టర్ అనే పిలుస్తున్నారు. స్టీలు ట్రేలో సిరంజీలు అప్పటికే నింపి ఉన్నాయి. వయల్ (మందు ఉండే చిన్న సీసా) కనబడలేదు, పెట్టె కనబడలేదు. ముఖం మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టలేదు, కనుబొమలు ముడవమని కూడా అడగలేదు. ఐస్ ప్యాక్, నాలుగు మాటలు, చకచకా పొడుపులు, అయిపోయింది. ట్యాబ్ మీద వేలితో సంతకం పెట్టించుకున్న కన్సెంట్ ఫారం కాపీ అడిగితే "మెయిల్‌కి వస్తుంది మేడమ్" అన్నారు. ఇప్పటికీ రాలేదు.

రెప్ప ఒక్క పూటలో పడిపోలేదు. మొదట కాజల్ రెండు కళ్ళకీ సమానంగా కుదరలేదు. మర్నాటికి సాయంత్రమయ్యేసరికి ఆ కన్ను బరువుగా అనిపించింది. ఆ తర్వాత అద్దంలో చూస్తే నల్లగుడ్డు సగం కనబడటం లేదు. మామూలుగా రెప్ప జారినవాళ్ళు తెలియకుండానే నుదురు పైకి లాగి దాన్ని కొంత సర్దుకుంటారట. నాకు ఆ దారి కూడా లేదు, నుదురూ బిగుసుకుపోయి ఉంది కదా! గడ్డం పైకెత్తి చూడటం ఒక్కటే మిగిలింది. మా అత్తయ్య చూడగానే, "ఏంటమ్మా ఆ కన్ను, పక్షవాతం గానీ తగిలిందా?" అని గాభరాపడిపోయారు. ఆ అనుమానం తీసిపారేసేది కాదు. మూతి వంకర, చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం, ఇవి ఉన్నట్టుండి వస్తే బొటాక్స్ వల్లేలే అని కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక క్లినిక్ వాళ్ళ సమాధానాలు వినండి. మొదట "సెటిల్ అవుతుంది మేడమ్". తర్వాత "మీ బాడీ టైప్ అలాంటిది". మూడోసారికి కౌన్సెలర్ (మందు సంగతి తెలియని సేల్స్ మనిషిని వీళ్ళు అలా పిలుస్తారు) రెండు సలహాలు ఇచ్చింది. ఒకటి, రెండో వైపు ఇంకో రెండు యూనిట్లు వేస్తే రెండు కళ్ళూ "బ్యాలెన్స్" అవుతాయట. అంటే బాగున్న కన్నునీ పాడు చేసి సమానం చేస్తారన్నమాట. రెండోది, మందుని "త్వరగా కరిగించే" ఒక మెషిన్ సిట్టింగ్, దానికి మళ్ళీ 4,500. ఈ రెండిట్లో ఏది మీకు చెప్పినా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. ఈ మందు నరం చివరి నుంచి కండరానికి వెళ్ళే సంకేతాన్ని ఆపేస్తుంది. ఒకసారి పట్టుకున్నాక దాన్ని వెనక్కి తీసే మెషిన్ లేదు, విరుగుడు ఇంజెక్షనూ లేదు. నరం తిరిగి కోలుకోవాల్సిందే. ముడతల మీద దాని ప్రభావం మూడు నాలుగు నెలలు ఉంటుంది. రెప్ప దాకా పాకిన మందు కొంచెమే కాబట్టి అది సాధారణంగా అంతకన్నా ముందే, కొన్ని వారాల్లో తగ్గుతుంది.

నాకు దారి చూపింది ఒక కంటి ఆసుపత్రిలోని ఆక్యులోప్లాస్టీ డాక్టర్. కనురెప్పలు, వాటి చుట్టూ ఉండే భాగాలకు వైద్యం చేసే స్పెషలిస్టులు వీళ్ళు. చాలామందికి ఇలాంటి డాక్టర్లు ఉన్నారనే తెలియదు. ఆవిడ కంట్లోకి టార్చి వేసి, నల్లగుడ్డు మీద మెరిసే చుక్క నుంచి రెప్ప అంచు దాకా స్కేలు పెట్టి కొలిచారు. కుడివైపు 4 మిల్లీమీటర్లు, ఎడమవైపు ఒకటిన్నర. కాసేపు రెప్ప వాల్చకుండా పైకే చూడమన్నారు, కంటిపాపలు రెండూ ఒకే సైజులో ఉన్నాయా అని చూశారు, ఒకటి రెండుగా కనబడుతోందా, మింగడం కష్టంగా ఉందా అని అడిగారు. రెప్ప జారడానికి వేరే జబ్బులు కూడా ఉంటాయి, వాటిని కొట్టిపారేశాకే బొటాక్స్ మీదికి వస్తాం అన్నారు. మయస్థీనియా అనే కండరాల బలహీనత జబ్బు వాటిలో ఒకటి. ఆ జబ్బున్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ ఇంజెక్షన్‌కి దూరంగా ఉండాలంటారు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతుంటే మందు ప్రభావం పెరగొచ్చు. ప్యాకేజీ అమ్మినప్పుడు ఇందులో ఒక్క ప్రశ్న కూడా నన్నెవరూ అడగలేదు.

తర్వాత ఆవిడ అడిగినవి: ఏ బ్రాండు? ఎన్ని యూనిట్లు? ఎంత సెలైన్‌లో కలిపారు? నా దగ్గర ఉన్నది బిల్లు ఒక్కటే, దాని మీద "ఫేస్ రిజువనేషన్ ప్యాకేజీ" అని ఉంది. అదృష్టం కొద్దీ ఇంజెక్షన్ చేయించుకున్న సాయంత్రం మా చెల్లికి పంపిన సెల్ఫీ ఫోన్లో దొరికింది. దాన్ని పెద్దది చేసి చూస్తే ఎడమ కనుబొమ వెంట్రుకల్లోనే, నల్లపూస అంత కమిలిన మచ్చ. ఆ ప్రాంతంలో పొడిచేటప్పుడు కంటి పై ఎముక అంచుకి కనీసం ఒక సెంటీమీటరు పైన ఉండాలని బొటాక్స్ లేబుల్ మీదే రాసి ఉంటుందట, సరిగ్గా ఈ రెప్ప గొడవ తప్పించడానికే. అందుకే చెప్తున్నాను, పని అయిన వెంటనే మంచి వెలుతురులో ముఖాన్ని దగ్గరగా ఫోటోలు తీసి పెట్టుకోండి. సూది గుర్తులు మర్నాటికి చాలావరకు మాయమైపోతాయి.

యూనిట్ల లెక్క కూడా అక్కడే అర్థమైంది. అమెరికాలో ఆమోదించిన లేబుల్ ప్రకారం కనుబొమల మధ్య 20 యూనిట్లు, నుదుటికి 20, కళ్ళ పక్కల రెండు వైపులా కలిపి 24. మూడు ఏరియాలకీ 64. డాక్టర్ మనిషిని బట్టి తగ్గించవచ్చు, కానీ ఎంత వేశారో చెప్పాలి. 100 యూనిట్ల వయల్‌లో రెండున్నర మిల్లీలీటర్ల సెలైన్ కలపాలి. సాంబారులో నీళ్ళు పోసినట్టు ఇంకా పోస్తే అదే వయల్ ఎక్కువమందికి వస్తుంది. కానీ అప్పుడు అదే మోతాదుకి ఎక్కువ నీరు లోపలికి వెళ్ళి, మందు పక్క కండరాలకి పాకే అవకాశం పెరుగుతుంది. వయల్‌ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, కలిపాక 24 గంటల్లో వాడేయాలి. ఇంకో సంగతి, డిస్‌పోర్ట్ (ఇదే రకం మందు, ఇంకో బ్రాండు) యూనిట్లు వేరు, బొటాక్స్ యూనిట్లు వేరు. "50 యూనిట్లు వేశాం" అంటే ఏ బ్రాండువో తెలియకుండా ఆ మాటకి అర్థమే లేదు. ఏరియా లెక్కన అమ్మే ప్యాకేజీల్లో ఇవన్నీ కనుమరుగవుతాయి. నా మటుకు నాకు యూనిట్ లెక్కన ధర చెప్పని క్లినిక్‌ మీద నమ్మకం పోయింది.

అమెరికాలో ఉన్న మన వాళ్ళు ఇది ఇండియా గొడవేలే అనుకోకండి. 2024 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ నకిలీ, లేదా సరైన పద్ధతిలో వేయని బొటాక్స్ వల్ల 11 రాష్ట్రాల్లో 22 మందికి ఇబ్బంది వచ్చిందని ప్రకటించింది. లైసెన్సు లేనివాళ్ళ చేత, ఇళ్ళలో, స్పాల్లో వేయించుకున్నవాళ్ళు అందులో ఉన్నారు. దొరికిన నకిలీ పెట్టెల మీద 150 యూనిట్లు అని ఉందట, అసలు కంపెనీ ఆ సైజే తయారు చేయదు. పెట్టె చూపించమని అడగడం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

నాకు డాక్టర్ రాసిచ్చింది అప్రాక్లోనిడిన్ చుక్కలు. గ్లాకోమాకి, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుకి వాడే మందే. రెప్పలో ఉండే ముల్లర్ అనే చిన్న కండరాన్ని బిగించి ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేపుతుంది. కొన్ని గంటలే పనిచేస్తుంది, జబ్బుని నయం చేయదు. ఆ ఒక్క మిల్లీమీటరు విలువ ఏంటో పడినవాళ్ళకే తెలుస్తుంది, ఆఫీసు మీటింగ్‌కి ముందు వేసుకుంటే మనిషిలా కనబడేదాన్ని. సొంతంగా మెడికల్ షాపులో కొనేయకండి, బీపీ, గుండె మందులు వాడేవాళ్ళకి కుదరకపోవచ్చు. టేపు పెట్టి రెప్పని పైకి అంటించే చిట్కాలు కూడా కనబడతాయి. కన్ను పూర్తిగా మూసుకోక నల్లగుడ్డు ఎండిపోతుంది, వద్దన్నారు. స్కూటీ పక్కన పెట్టి మెట్రోలో వెళ్ళాను, ఎందుకంటే పైనుంచి సిగ్నల్ లైటు కనబడాలంటే తల వెనక్కి వాల్చాల్సి వచ్చేది. ముఖానికి మసాజ్, ఆవిరి, ఫేషియల్ అన్నీ బంద్. వారానికోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోటో తీయమన్నారు డాక్టర్. రోజూ అద్దం చూసుకుంటే మార్పు తెలియదు, పిచ్చెక్కుతుంది. ఫోటోలు పక్కపక్కన పెడితే తెలిసింది.

ఫిల్లర్ల (చర్మం కింద పల్లాలు నింపడానికి వేసే ఇంజెక్షన్లు) సంగతి వేరు, దాన్ని దీంతో కలపకండి. మా ఆఫీసులో ఒకావిడకి కళ్ళ కింద ఫిల్లర్ నీలంగా గడ్డకట్టినట్టు కనబడింది. అది హయాలురోనిక్ యాసిడ్ రకం కాబట్టి హయాలురోనిడేస్ ఇంజెక్షన్‌తో కరిగించారు. సిలికాన్ లాంటి శాశ్వత రకాలైతే అలా కరగవు, కాబట్టి అక్కడ కూడా ముందు అడగాల్సింది పెట్టె మీద పేరే. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఫిల్లర్ వేస్తుండగా గానీ, వేశాక గానీ చర్మం తెల్లగా పాలిపోవడం, వల అల్లినట్టు నీలి మచ్చలు, భరించలేని నొప్పి, చూపు మసకబారడం కనబడితే అది రక్తనాళం మూసుకుపోయిన లక్షణం. "రేపు చూద్దాం" అంటే ఒప్పుకోకండి. కంటి చూపు పోవడానికి గంటలు కూడా అక్కర్లేదు. హయాలురోనిడేస్ గదిలో ఉందా అని సూది పడకముందే అడగండి, లేదంటే లేచి రండి. బొటాక్స్ తర్వాత మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే.

మీకు సూది వేసే మనిషి పేరు అడిగి, నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని డాక్టర్ల రిజిస్టర్‌లో వెతకండి. బోర్డు మీద పేరు కాదు, సూది పట్టుకున్నవాళ్ళ పేరు. నాకు వేసినావిడ పేరు నాకు అక్కడ దొరకలేదు. క్లినిక్ రిజిస్ట్రేషన్ గురించి జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్ఓ) ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చాను. మందు వల్ల వచ్చిన ఇబ్బందిని 1800-180-3024కి చెప్తే ఫార్మకోవిజిలెన్స్ (మందుల సైడ్ ఎఫెక్ట్‌ల మీద నిఘా పెట్టే ప్రభుత్వ కార్యక్రమం) వాళ్ళు నమోదు చేసుకుంటారు. డబ్బు విషయానికి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కేసు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చేసింది.

వీటన్నిటికన్నా పనిచేసింది ఒక చిన్న నిబంధన. రోగి రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. ఆ మాట రాసి మెయిల్ పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపాక, అంతకుముందు దాకా "సిస్టమ్‌లో లేదు" అన్న ట్రీట్‌మెంట్ షీటు ఊడిపడింది. మందు పేరు దగ్గర "టాక్సిన్", యూనిట్ల దగ్గర "అవసరాన్ని బట్టి", బ్యాచ్ నంబరు గడి ఖాళీ. దాంతోపాటు 18 వేలు వాపస్ ఇస్తామని ఒక ఉత్తరం. ఎక్కడా ఏమీ రాయనని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని కింద నేను సంతకం చేయాలట. సంతకం చేయలేదు. ఆ ఖాళీ గడి ఉన్న షీటునే కమిషన్‌కి జత చేశాను.