ఆరు పులప్స్ దగ్గర ఆగిపోయినవాడికి ఏది మేలు?

మా మేనల్లుడు అగ్నివీర్ ర్యాలీకి, అంటే సైన్యంలోకి తీసుకునే పరీక్షలకి, తయారవుతున్నాడు. పలాస దగ్గర మా ఊళ్లో కుర్రాళ్లంతా చందాలు వేసుకుని, హైస్కూలు గ్రౌండ్ చివర రెండు ఇనప స్తంభాలు పాతి, పైన జీఐ పైపు వెల్డింగ్ చేయించుకున్నారు. దాన్నే బీమ్ అంటారు. దాన్ని పట్టుకుని వేలాడి, గడ్డం పైపు దాటేలా ఒంటిని పైకి లాగితే ఒక పులప్. పొద్దున్న అయిదుకి పరుగు, ఆ వెంటనే బీమ్. సంక్రాంతికి నేను వెళ్లేసరికి వాడు రెండు నెలలుగా ఆరు దగ్గరే ఇరుక్కుని ఉన్నాడు.

"రోజూ చేతులు ఊడిపోయేదాకా కొడుతున్నాను మావయ్యా, ఏడోది రావట్లేదు" అన్నాడు. నోటు బుక్కు కూడా చూపించాడు. పైపు పట్టుకుని ఆగకుండా కొట్టినన్ని ఒక సెట్టు, ఒక్కో సెట్టుకి ఒక్కో అంకె. సోమవారం 6, 4, 3, 2, 1. మంగళవారం 5, 3, 2, 1. బుధవారం 4, 3, 2, 1. గురువారం 5, 2, 2, 1. శుక్రవారం 4, 2, 2. శనివారం మళ్లీ 5, 3, 2, 1. ఆదివారం సెలవు.

ఆ అంకెల్ని కిందికి చదువుకుంటూ పోతే విషయం అర్థమవుతుంది. సోమవారం ఉన్న బలం శుక్రవారానికి లేదు. వాడు బలహీనపడలేదు, అలసట తీరకముందే మళ్లీ బీమ్ ఎక్కుతున్నాడు అంతే. ఆదివారం ఒక్కరోజు పడుకుంటే మళ్లీ ఆరు వస్తున్నాయి. దాన్ని వాడు "ఆరు దాటట్లేదు" అనుకుంటున్నాడు.

ర్యాలీలో ఈ ఒక్కొక్క పులప్‌కీ ధర ఉంది. జనరల్ డ్యూటీ పోస్టుకి పది కొడితే 40 మార్కులు, తొమ్మిదికి 33, ఎనిమిదికి 27, ఏడుకి 21, ఆరుకి 16. పదకొండోది కొట్టినా ఎవడూ లెక్కెట్టడు. అంటే ఆరు నుంచి పదికి వెళ్తే 24 మార్కులు. మెరిట్‌లో పేరు ఉండడానికీ లేకపోవడానికీ మధ్య ఆ 24 చాలా పెద్ద గొయ్యి.

ఇక ఎలా వెళ్లాలి అన్నదానికి మా గ్రౌండ్‌లోనే మూడు పార్టీలున్నాయి. రోజూ ఊడిపడేదాకా కొట్టాలనేవాళ్లు ఒక పార్టీ. వారానికి మూడు రోజులే, సెట్టుకీ సెట్టుకీ మధ్య బాగా రెస్ట్ తీసుకుని కొట్టాలనేవాళ్లు ఇంకోటి. రోజంతా కొంచెం కొంచెంగా, ఎప్పుడూ అలిసిపోకుండా కొట్టాలనేవాళ్లు మూడోది. ఈ మూడో పద్ధతికి ఇంగ్లీషులో గ్రీజ్ ద గ్రూవ్ అని పేరు, యూట్యూబ్ చూసే కుర్రాళ్లందరికీ తెలుసు.

వీటిని పోల్చేముందు ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే తగువంతా అక్కడే పుడుతుంది. జిమ్‌లో బార్‌కి 60 కిలోలు ఎక్కువనిపిస్తే రెండు ప్లేట్లు తీసేసి 50 చేసుకోవచ్చు. బీమ్ మీద ఆ సౌకర్యం లేదు. నీ బరువే నీ బరువు. పైగా బరువులెత్తేవాళ్ల లెక్క ప్రకారం, ఎంత కొట్టినా ఆరుసార్లే లేచే బరువంటే ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో సుమారు 85 శాతం. అంటే ఆరు పులప్స్ వచ్చేవాడికి మొదటి పులప్ కూడా హెవీ లిఫ్టే. తేలికైన రోజు అంటూ ఉండదు. కాబట్టి వాడి చేతిలో మిగిలినవి నాలుగే: సెట్టుకి ఎన్ని రెప్స్ (అంటే ఎన్నిసార్లు లేవడం), మధ్యలో ఎంత రెస్ట్, వారంలో ఎన్ని రోజులు, కాలికింద స్టూలో రబ్బరు బ్యాండో పెట్టుకుని బరువు తగ్గించుకోవడం.

ఇది తెలియకే చాలామంది దండీలు, బస్కీల లెక్కని బీమ్ మీదికి తెస్తారు. కోడి రామ్మూర్తి నాయుడి పేరు చెప్పుకుంటూ పెరిగిన ప్రాంతం మాది, తాలింఖానాల్లో వందలకొద్దీ దండీలు తీసిన తాతల కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. నిజమే కావచ్చు. కానీ దండీలో కాళ్లు నేలమీదుంటాయి, మామూలు పుషప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో సుమారు మూడింట రెండు వంతులే. యాభై తీయగలిగినవాడికి ఇరవయ్యో దండీ కష్టమే కాదు. ఆరే వచ్చేవాడికి అయిదో పులప్ ప్రాణం తీస్తుంది. ఆ రెంటినీ ఒకే పద్ధతిలో చేస్తే ఎలా?

మొదటి పార్టీ సంగతి చూద్దాం. ఊడిపడేదాకా కొట్టడంలో ఒక సుఖం ఉంది, ఒప్పుకోవాలి. పని చేశామన్న తృప్తి ఉంటుంది, చేతులు వణుకుతాయి, పక్కవాడు "శభాష్" అంటాడు. కండ పెరగడానికి కూడా అది పనికొస్తుంది. కానీ బలం పెరగడానికి ఫెయిల్యూర్ దాకా, అంటే ఇంకొక్కటి కూడా రానంతదాకా, వెళ్లి తీరాలన్న రూలేమీ లేదు. మొత్తం పని సమానంగా ఉంటే, ఒకటి రెండు రెప్స్ మిగుల్చుకుని ఆగినవాళ్లకీ బలం దాదాపు అంతే పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. తేడా ఉన్నది కోలుకోవడంలో. ఆఖరి ఒక్క రెప్ కోసం పెనుగులాడినవాడు తేరుకోవడానికి ఒకరోజో రెండురోజులో ఎక్కువ తీసుకుంటాడు. ఆ ఒక్కటీ కొట్టినందుకు మర్నాడు మూడు పోతే బేరం ఎవరికి లాభం?

ఇంకో నష్టం కంటికి కనిపించేది. మా వాడి నోటు బుక్కులో ఆ వారం కూడితే 66 పులప్స్. మర్నాడు పొద్దున్న పక్కన నిలబడి చూశాను. గడ్డం పైపు దాటినవి, కాళ్లు కొట్టకుండా ఎక్కినవి, కిందికి దిగాక మోచేతులు పూర్తిగా సాగినవి లెక్కపెడితే సగం పైచిలుకు మిగిలాయి. తక్కినవన్నీ చేపలా గిలగిల కొట్టుకోవడమే. ర్యాలీలో అవి లెక్కలోకి రావు. రోజూ దొంగ రెప్స్ కొట్టేవాడు రోజూ దొంగ రెప్సే నేర్చుకుంటున్నాడు.

మోచేయి మాట నేను నా ఒంటి మీదే నేర్చుకున్నాను. పదేళ్ల కిందట ఇదే పిచ్చి నాకూ ఉండేది. ఆరు వారాలు రోజూ కొట్టాక, ఒకరోజు తడి లుంగీ పిండుతుంటే మోచేయి లోపలివైపు చురుక్కుమంది. తర్వాత బైక్ క్లచ్ నొక్కినా అదే, బిందె పట్టుకున్నా అదే. కండని ఎముకకి కట్టి ఉంచే టెండన్‌కి రక్తప్రసరణ తక్కువ, అది కండ కోలుకున్నంత తొందరగా కోలుకోదు. కండలో నొప్పి మూడు రోజుల్లో పోయింది. మోచేయి మాత్రం అయిదు నెలలు పట్టింది. ర్యాలీకి అయిదు నెలలు ఆగుతారా?

రెండో పార్టీది పాత పద్ధతే, కానీ బుద్ధి ఉన్న పద్ధతి. సోమ, బుధ, శుక్రవారాలు. ఆరు వచ్చేవాడు నాలుగేసి చొప్పున అయిదు సెట్లు. ప్రతి సెట్టుకీ మధ్య మూడు నిమిషాలు, వాచీ చూసుకుని. మూడు నిమిషాలు ఎందుకంటే, ఇలాంటి చిన్న, గట్టి పనికి కండ వాడుకునే తక్షణ ఇంధనం చాలావరకు తిరిగి నిండడానికి అంత సమయం కావాలి. ఒక్క నిమిషంలో మళ్లీ పైపు పట్టుకుంటే ఊపిరి సర్దుకున్నట్టే ఉంటుంది, చేతుల్లో మాత్రం పస ఉండదు. మా వాళ్లకి కష్టమైంది పులప్స్ కాదు, ఆ మూడు నిమిషాలు ఊరికే కూర్చోవడం. వారానికి 60 పులప్స్, ఇంచుమించు అన్నీ నిఖార్సైనవి. మధ్య రోజుల్లో పరుగు, లాంగ్ జంప్, నిద్ర.

మూడో పార్టీ లెక్క వింటే మొదట నవ్వొస్తుంది. ఆరు వచ్చేవాడు మూడే కొట్టాలి. సగం! అవి కొట్టి దిగిపోవాలి. గంటో రెండు గంటలో ఆగి మళ్లీ మూడు. రోజుకి ఆరుసార్లు. చెమట కూడా పట్టదు. కానీ రోజుకి 18, వారానికి అయిదు రోజులంటే 90. ఊడిపడేదాకా కొట్టినవాడి 66 కంటే ఎక్కువ, పైగా తొంభైలో ఒక్కటి కూడా దొంగది కాదు. పులప్ కూడా సైకిల్ తొక్కడంలా కొంత అలవాటు విద్యే. ఏ కండ ఎప్పుడు బిగించాలో నరాలకి తెలిసేకొద్దీ అదే కండతో ఎక్కువ పని జరుగుతుంది. అలసట లేనప్పుడు కొట్టిన రెప్ బాగా నేర్పుతుంది.

దీనికీ కష్టాలున్నాయి. చేతికందేచోట బీమ్ ఉండాలి. గ్రౌండ్ కిలోమీటరు దూరంలో ఉంటే రోజుకి ఆరుసార్లు ఎవరు వెళ్తారు? మా వాడు పశువుల పాక దూలానికి పైపు ముక్క కట్టుకున్నాడు, మా అక్క రెండు రోజులు సణిగి ఊరుకుంది. డ్యూటీకి వెళ్లేవాళ్లకి ఇది కుదిరే పని కాదు. అన్నిటికంటే పెద్ద కష్టం, ఆగడం. మూడు కొట్టాక చేతులు "ఇంకో రెండు" అంటాయి. ఆ రెండూ కొట్టినవాడు వారం తిరగకుండా మొదటి పార్టీలో చేరిపోతాడు, రోజుకి ఆరుసార్లు ఊడిపడేదాకా కొట్టే పద్ధతిలోకి. మోచేతికి అంతకంటే శత్రువు లేదు.

నా తీర్పు ఇది. నాలుగు నుంచి ఎనిమిది మధ్య ఉండి, ఇంటి దగ్గర పైపు కట్టుకోగలిగినవాడికి మూడో పద్ధతే మేలు. పైపు లేనివాడు, రోజంతా పనిలో ఉండేవాడు రెండోదానికి పోవాలి, దానివల్ల వెనకబడిపోయేదేం లేదు. ఒక్కటీ రెండూ కూడా రానివాడికి సగం అన్న లెక్కే కుదరదు కాబట్టి స్టూలెక్కి, గడ్డం పైపు మీద పెట్టి, అయిదు లెక్కపెట్టేంతసేపు మెల్లగా దిగడం, వారానికి మూడు రోజులు. ఈ దిగడాలు కండని బాగా నొప్పెట్టిస్తాయి, కాబట్టి మొదటి వారం నాలుగైదుతో ఆపాలి. ఎనిమిది దాటాక మూడో పద్ధతి మెత్తబడుతుంది, అక్కడ కావాల్సింది ఇంకాస్త బరువు. స్కూలు బ్యాగులో రెండు కిలోల ఇసుక సంచి వేసుకుని, రెండో పద్ధతిలో నాలుగేసి కొట్టడం. ఫెయిల్యూర్ దాకా వెళ్లడం రెండు వారాలకోసారి పరీక్ష కోసం మాత్రమే. పరీక్ష రోజూ రాస్తే చదివేదెప్పుడు?

ఇద్దరు ముగ్గురు కలిసి చేసేచోట మెట్ల పద్ధతి కూడా బాగుంటుంది. నువ్వొకటి, నేనొకటి. నువ్వు రెండు, నేను రెండు. మూడు దాకా వెళ్లి మళ్లీ ఒకటి. పక్కవాడు కొడుతున్నంతసేపూ నీకు రెస్టే, వాచీతో పని లేదు.

మా వాడు అయిదు వారాల్లో ఎనిమిదికి వచ్చాడు. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ర్యాలీలో ముందు 1.6 కిలోమీటర్ల పరుగు, అందులో నెగ్గినవాళ్లకే బీమ్. ఫ్రెష్‌గా ఎనిమిది కొట్టినవాడు, పరుగు పెట్టి వచ్చి పైపు పట్టుకుంటే ఆరే వచ్చాయి. ఊపిరి అందదు, అరచేతులు చెమటకి జారతాయి. అందుకే పరుగు తర్వాత వెంటనే బీమ్ అన్నది వారానికి ఒక్కసారి చేయాలి. రోజూ అలాగే చేస్తే ఎప్పుడూ అలిసిపోయిన చేతులతోనే కొట్టినట్టవుతుంది, మా గ్రౌండ్ మొత్తం చేస్తున్న తప్పు అదే. మిగతా రోజుల్లో బీమ్ సాయంత్రానికి మార్చుకుంటే చాలు. అలిసిపోయి పది కావాలంటే ఫ్రెష్‌గా పన్నెండు ఉండాలని కూడా అప్పుడే తెలిసింది.

ఒక హెచ్చరిక. చాలా రోజులు మానేసి, ఒక్కసారిగా వందల గుంజీళ్లో, గంటలకొద్దీ పులప్సో చేశాక ఒళ్లు విపరీతంగా వాచి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది మామూలు నొప్పి కాదు. కండ చితికి అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతోందని అర్థం. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మజ్జిగ తాగి పడుకుంటే తగ్గేది కాదు.

ర్యాలీకి ముందు వారం గురించి అందరూ అడుగుతారు. అప్పటికి పెరగాల్సిన బలం పెరిగిపోయి ఉంటుంది, ఆ వారంలో కొత్తగా వచ్చేదేం ఉండదు, పోయేది మాత్రం ఉంటుంది. సెట్లు సగం చేయండి, రెప్స్ మాత్రం చురుగ్గానే ఉండాలి. ఆఖరి రెండు రోజులు పైపు ముట్టుకోకండి. అరచేతుల్లో లేచిన కాయల్ని నాలుగు రోజుల ముందే నానబెట్టి నున్నగా గీకేసుకోండి. ఆరోజు పొద్దున్న అయిదో పులప్ దగ్గర కాయ ఊడి రక్తం కారితే, ఎంత బలం ఉన్నా చేయి వదిలేస్తుంది. మా వాడికి ఈ మాట చెబితే, "బ్లేడు ఎవరిదైనా పర్లేదా మావయ్యా?" అని అడిగాడు. ప్యూమిస్ రాయి కొనిచ్చాను.