నాన్‌వోవెన్ సంచి: ఐదుకు రెండు మార్కులు

పల్చటి కవర్లను నిషేధించిన చోటల్లా వాటి స్థానంలోకి వచ్చి కూర్చున్నది ఈ నాన్‌వోవెన్, అంటే నేయకుండా చేసిన, సంచే. చూడ్డానికి అచ్చం గుడ్డ. అంచు నుంచి ఒక పోగు లాగి నిప్పు చూపించండి, నూలులా బూడిదవ్వదు, కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ మరి.

మందంగా ఉండి, హ్యాండిళ్లు కుట్టి ఉన్నదైతే మంచి సంచే. బరువు మోస్తుంది, తడిసినా తొందరగా ఆరిపోతుంది. నా చేతికి వచ్చేవి మాత్రం ఎక్కువగా వేడితో అతికించినవే. వాటిలో హ్యాండిల్ తెగదు, అతుకు చుట్టూ ఉన్న గుడ్డే చిరిగి ఊడి వస్తుంది. ఎండలో తగిలించి ఉంచితే ఇంకా దారుణం. కొన్నాళ్లకు పెళుసెక్కి, పట్టుకుంటే పొడి రాలుతుంది. ఆ పొడి ఏరడం ఎవరి తరం?

మామూలు క్యారీబ్యాగ్ కంటే వాతావరణానికి ఎక్కువ చేటు చేయకుండా ఉండాలంటే దీన్ని కనీసం 11 సార్లు వాడాలని బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్క తేల్చింది. నూలు సంచి అయితే 131 సార్లట! అయితే అది అక్కడి సూపర్‌మార్కెట్ల దిట్టమైన సంచులకు వేసిన లెక్క. మురుగుకాలువకు అడ్డం పడే సంచి, పశువు మింగే సంచి అందులోకి రావు.

కెన్యా సంగతే చూడండి. 2017లో ప్లాస్టిక్ సంచులను నిషేధించింది, తప్పితే నాలుగేళ్ల దాకా జైలు. ఆ ఖాళీలోకి ఈ సంచులు వచ్చాయి, నాసిరకం పెరిగింది, 2019లో వీటి మీదా నిషేధం ప్రకటించాల్సి వచ్చింది. భారత్ 2021 సెప్టెంబరు 30 నుంచి ఈ సంచి గుడ్డ బరువు చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదంది. బాగానే ఉంది, కానీ కౌంటర్ దగ్గర నిలబడి ఆ తేడా వేళ్లతో ఎవరు చెప్పగలరు?

వరదల్లో కాలువలు పూడుకుపోవడం చూసి బంగ్లాదేశ్ 2002లోనే పాలిథిన్ సంచులు వద్దంది. అంత చవకగా దొరికే ఇంకో సంచి లేక అవి మళ్లీ బజారెక్కాయి, 2024లో అమలు మళ్లీ మొదలుపెట్టారు. నన్నడిగితే, ఏ ఊరికైనా నిబంధన రాసే ముందే ఆ ఊరి కాలువల్లో పూడిక తీయించి, అందులో ఏ రకం సంచి ఎంత ఉందో తూకం వేయించాలి. చిన్న వ్యాపారికి కొత్త సంచి ధర గిట్టుబాటు అవుతుందా, కొన్నవాళ్లు దాన్ని ఎన్నిసార్లు వాడి పారేస్తున్నారు అన్నదీ అక్కడే అడిగి తెలుసుకోవాలి. ఇదేమీ పెద్ద ఖర్చు పని కాదు.

కొనేటప్పుడు సంచిని వెలుతురుకు ఎత్తి చూడండి. అవతల వేళ్లు కనిపిస్తే వద్దనేయండి. కుట్టిన మందపాటి రకానికైతే మూడున్నర ఇస్తాను.