డా విన్చీ రోబో: గర్భాశయం దగ్గర మెప్పించింది, ముఖద్వారం దగ్గర నిలవలేదు

ఇంట్యూటివ్ సర్జికల్ సంస్థ తయారుచేసే డా విన్చీ రోబోకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000లో తొలి అనుమతి ఇచ్చింది. స్త్రీల గర్భాశయ సంబంధ శస్త్రచికిత్సలకు ఆ అనుమతి 2005లో విస్తరించింది. అప్పటినుంచి ఈ యంత్రానికి దక్కిన ప్రశంసల్లో అధికభాగం మూడు మాటల చుట్టూ తిరుగుతుంది: కోత చిన్నది, రక్తం తక్కువ పోతుంది, ఇంటికి త్వరగా వెళ్ళవచ్చు. మూడూ నిజమే. కాని క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకునే మనిషికి ఆసుపత్రిలో ఎన్ని రాత్రులు గడిచాయన్నదానికంటే నాలుగైదేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టిందా లేదా అన్నదే అసలు లెక్క. ఆ లెక్క వేసినప్పుడు ఇదే యంత్రానికి ఒక అవయవం దగ్గర మంచి మార్కులు పడతాయి, దానికి వేలెడు దూరంలో ఉన్న మరో భాగం, అంటే గర్భాశయ ముఖద్వారం (సెర్విక్స్), దగ్గర పడవు. స్త్రీలకు వచ్చే క్యాన్సర్లన్నింటినీ ఒకే గాటన కట్టి “రోబోటిక్ సర్జరీ మంచిది” అని చెప్పే ప్రకటన అందుకే నమ్మదగినది కాదు.

యంత్రం పనితీరు గురించి ముందుగా కొంత చెప్పాలి. అది తనంతట తాను ఏమీ చేయదు. సర్జన్ ఆపరేషన్ బల్లకు కొంత దూరంలో కన్సోల్ ముందు కూర్చుని వేళ్ళతో మీటలు కదుపుతుంటే, రోగి పొట్టమీద పెట్టిన చిన్న రంధ్రాల గుండా లోపలికి వెళ్ళిన పరికరాలు ఆ కదలికలను అలాగే అనుసరిస్తాయి. చిన్న రంధ్రాల గుండానే, రోబో లేకుండా సర్జన్ నేరుగా చేత్తో చేసే మామూలు లాపరోస్కోపీలో పరికరాలు వంగని కడ్డీలు. ఇందులో వాటి కొసలు మణికట్టులా అన్ని వైపులకూ తిరుగుతాయి. లోపలి దృశ్యం లోతుతో సహా, పెద్దదిగా కనిపిస్తుంది. చేతి వణుకు పరికరం కొసదాకా చేరదు. కటి కుహరం అడుగున, మూత్రనాళాన్ని గర్భాశయ ధమని కిందినుంచి విడదీసే చోట, ఈ సౌకర్యాల విలువ పూర్తిగా తెలుస్తుంది. లోటు స్పర్శలో ఉంది. ఎన్నో ఏళ్ళపాటు వాడుకలో ఉన్న నమూనాల్లో కణజాలం మెత్తగా ఉందో గట్టిపడిందో సర్జన్ వేలికి తెలిసే మార్గం లేదు, కంటితో ఊహించుకోవలసిందే. 2024 మార్చిలో అనుమతి పొందిన డా విన్చీ 5లో లాగే బలాన్ని, నొక్కే బలాన్ని చేతికి తెలియజేసే ఏర్పాటు వచ్చింది. ఇది మంచి మెరుగుదలే, అయితే పొట్టలో అరచేయి పెట్టి తడిమి చూడడానికి ఇది సాటి రాదు. ఇంకో సంగతి, తల బాగా కిందికి వాల్చి, పొట్టలో కార్బన్ డయాక్సైడ్ నింపి చేసే ఆపరేషన్ కాబట్టి గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారి విషయంలో మత్తు డాక్టరు మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలి.

మెచ్చుకోవలసిన చోటు గర్భాశయం లోపలి పొరలో పుట్టే క్యాన్సర్. పొట్ట కోసి చేసే ఆపరేషన్‌నూ లాపరోస్కోపీనీ ఎదురెదురుగా పెట్టి చూసిన పెద్ద పరిశోధన అమెరికాలోని గైనకలాజిక్ ఆంకాలజీ గ్రూప్ నడిపిన ల్యాప్2. ఇందులో 2,616 మంది స్త్రీలు పాల్గొన్నారు. ఆపరేషన్ తర్వాత ఓ మోస్తరు లేదా తీవ్రమైన ఇబ్బందులు పొట్ట కోసినవారిలో 21 శాతం మందికి వస్తే, లాపరోస్కోపీ వర్గంలో 14 శాతం మందికి వచ్చాయి. 2012లో ప్రచురించిన దీర్ఘకాల ఫలితాల్లో, మూడేళ్ళలోపు జబ్బు తిరగబెట్టినవారు లాపరోస్కోపీలో 11.4 శాతం, కోత వర్గంలో 10.2 శాతం, అయిదేళ్ళకు జీవించి ఉన్నవారు రెండింటిలోనూ 89.8 శాతం. నిజానికి పరిశోధకులు ముందుగా గీసుకున్న గణాంక హద్దు వెంట్రుకవాసిలో దాటిపోయింది కాబట్టి రెండూ సమానమని ఈ ఒక్క ట్రయల్ చూపించి గట్టిగా అనడానికి లేదు. ఆ సందేహాన్ని ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, హాంకాంగ్‌లలో 760 మందితో జరిగిన లేస్ ట్రయల్ చాలావరకు తీర్చింది: 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం నాలుగున్నరేళ్ళకు జబ్బు లేకుండా ఉన్నవారు కోత వర్గంలో 81.3 శాతం, లాపరోస్కోపీ వర్గంలో 81.6 శాతం.

ఇవి రెండూ లాపరోస్కోపీ పరిశోధనలే, రోబో పరిశోధనలు కావు. గర్భాశయ క్యాన్సర్‌లో రోబోకు ఉన్న మంచిపేరులో పెద్దభాగం లాపరోస్కోపీ సంపాదించిపెట్టిన ఆస్తి అన్న సంగతి అమ్మకపు కరపత్రాల్లో కనిపించదు. రోబో సొంతంగా కలిపిన విలువ ఒకటి మాత్రం ఉంది. ల్యాప్2లో లాపరోస్కోపీగా మొదలుపెట్టిన ఆపరేషన్లలో 25.8 శాతం మధ్యలో పొట్ట కోయవలసి వచ్చింది. లోపలి భాగం సరిగా కనిపించకపోవడం అందుకు ముఖ్యమైన కారణం. ఈ క్యాన్సర్‌కు స్థూలకాయంతో దగ్గర సంబంధం ఉండడంవల్ల అలాంటి ఇబ్బంది తరచుగా ఎదురవుతుంది, సరిగ్గా అక్కడే రోబో చేతులు అక్కరకు వస్తాయి. ఫిన్లాండ్‌లో 101 మందితో జరిగి 2016లో ప్రచురితమైన ట్రయల్‌లో రోబో వర్గంలో ఎవరికీ పొట్ట కోయవలసిన అవసరం రాలేదు, లాపరోస్కోపీ వర్గంలో అయిదుగురికి వచ్చింది. ఆపరేషన్ సమయం కూడా 170 నిమిషాలనుంచి 139కి తగ్గింది. చిన్న ట్రయలే, ఒకే ఆసుపత్రిలో జరిగినదే, అయినా అనుభవజ్ఞులు చెప్పే మాటతో సరిపోతుంది.

లింఫ్ గ్రంథుల విషయంలోనూ యంత్రానికి కొంత ఘనత చెందుతుంది. కటిలోని గ్రంథులన్నింటినీ తీసివేయడంవల్ల తొలిదశ గర్భాశయ క్యాన్సర్‌లో ఆయుష్షు పెరగడం లేదని 1,408 మందితో జరిగిన ఆస్టెక్ ట్రయల్ 2009లో చూపింది. తీసినందుకు కాళ్ళ వాపు మాత్రం కొందరికి జీవితాంతం మిగులుతుంది. క్యాన్సర్ మొదట చేరే కాపలా గ్రంథిని మాత్రమే గుర్తించి తీస్తే సరిపోతుందా అని ఫైర్స్ అధ్యయనం రోబో సాయంతో పరీక్షించింది. ముఖద్వారంలోకి ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును ఎక్కిస్తే, ప్రత్యేక కెమెరా కింద ఆ గ్రంథి పచ్చగా మెరుస్తుంది. కాపలా గ్రంథి దొరికినవారిలో, జబ్బు నిజంగా గ్రంథులకు పాకి ఉంటే దాన్ని 97.2 శాతం మేరకు పట్టుకోగలిగారని 2017లో ప్రకటించారు. ఇప్పుడు ఆ కెమెరా మామూలు లాపరోస్కోపీ పరికరాలకూ ఉంది కాబట్టి దీన్ని రోబోకే సొంతమైన గుణంగా లెక్కించకూడదు.

ఇక ముఖద్వార క్యాన్సర్. గర్భాశయంతోపాటు దాని చుట్టూ ఉన్న కణజాలాన్నీ యోని పైభాగాన్నీ కలిపి తీసే రాడికల్ హిస్టరెక్టమీని ఎర్నెస్ట్ వెర్ట్‌హైమ్ 1898లో వియన్నాలో పొట్ట కోసి మొదలుపెట్టాడు. వందేళ్ళకు పైగా అదే పద్ధతి నడిచింది. లాపరోస్కోపీ, ఆ తర్వాత రోబో వచ్చాక, గర్భాశయ క్యాన్సర్‌లో సురక్షితమైనది ఇక్కడా సురక్షితమేనన్న నమ్మకంతో, పెద్ద ట్రయల్ ఏదీ లేకుండానే ఎన్నో ఆసుపత్రులు చిన్న రంధ్రాల దారి పట్టాయి. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన ల్యాక్ ట్రయల్‌లో ప్రపంచవ్యాప్తంగా 33 కేంద్రాలనుంచి 631 మంది స్త్రీలు పాల్గొన్నారు. ఫలితాలు ఎంత ఎదురుతిరిగాయంటే, భద్రతా పర్యవేక్షణ సంఘం ట్రయల్‌ను ముందుగానే ఆపించింది. 2018లో ప్రచురించిన అంకెల ప్రకారం నాలుగున్నరేళ్ళకు జబ్బు లేకుండా ఉన్నవారు కోత వర్గంలో 96.5 శాతం, చిన్న రంధ్రాల వర్గంలో 86 శాతం. మూడేళ్ళకు జీవించి ఉన్నవారు 99 శాతం, 93.8 శాతం. రెండో పద్ధతి మెరుగని కాకపోయినా కనీసం సమానమని తేలుతుందన్న ఆశతో మొదలుపెట్టిన పరిశోధన ఇది. ఆ సర్జన్లే తమ అభిమాన పద్ధతికి వ్యతిరేకంగా వచ్చిన ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం ఈ రంగంలో నేను చాలా గౌరవించే పని.

ఈ ఫలితం వెలువడగానే రోబో పక్షాన ఒక వాదన వినిపించింది. ల్యాక్‌లోని చిన్న రంధ్రాల ఆపరేషన్లలో రోబోతో చేసినవి 15.6 శాతమే, మిగిలినవన్నీ లాపరోస్కోపీ. కనుక తప్పు లాపరోస్కోపీది, రోబోది కాదు అన్నారు. వాదనలో తర్కం ఉంది, కాని అదే ఏడాది, ల్యాక్ ఫలితాలు వెలువడిన వైద్య పత్రికలోనే వచ్చిన మరో అధ్యయనం దానికి అడ్డుపడుతుంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సమాచార నిధినుంచి తీసుకున్న 2,461 మంది రికార్డుల్లో చిన్న రంధ్రాల ఆపరేషన్లు దాదాపు అయిదింట నాలుగు వంతులు రోబోతో జరిగినవే. అక్కడా నాలుగేళ్ళలో మరణాలు కోత వర్గంలో 5.3 శాతం, చిన్న రంధ్రాల వర్గంలో 9.1 శాతం. రికార్డులు తిరగేసి చేసిన అధ్యయనం ట్రయల్ అంత బలమైనది కాదు, నిజమే. కాని “మాది వేరు” అని చెప్పేవారు తమకు తాముగా చూపిన ఆధారం అప్పటికి అంతకంటే బలహీనమైనది.

కారణం ఇదీ అని ఇంకా స్థిరపడలేదు. బలంగా అనుమానించేది గర్భాశయాన్ని కిందినుంచి తోసి కదిలించే మానిప్యులేటర్‌ను. ముఖద్వారంలో గడ్డ ఉన్నప్పుడు ఆ పరికరం గడ్డలోంచే లోపలికి వెళ్ళాలి. పైగా లోపలినుంచే యోనిని కోస్తే గడ్డ ఉపరితలం పొట్టలోకి తెరుచుకుంటుంది, అక్కడ గ్యాస్ ఒత్తిడి ఉండనే ఉంది. యూరప్ ఆసుపత్రుల రికార్డులతో 2020లో వచ్చిన సకర్ అధ్యయనంలో, మానిప్యులేటర్ వాడిన చోట జబ్బు తిరగబెట్టే ప్రమాదం పొట్ట కోసి చేసినవారితో పోలిస్తే 2.76 రెట్లు కనిపించింది. గర్భాశయ క్యాన్సర్‌లో గడ్డ సాధారణంగా కండర గోడ వెనుక మూసుకుని ఉంటుంది కాబట్టి అక్కడ ఇదే పద్ధతి హాని చేయకపోవడానికి ఒక సమంజసమైన వివరణ దొరుకుతుంది. రోబోను విడిగా పరీక్షించడానికి స్వీడన్ సర్జన్ల నాయకత్వంలో ర్యాక్, అమెరికాలో రాక్ అనే ట్రయల్స్ మొదలయ్యాయి. రెండోదానిలో మానిప్యులేటర్‌ను ముఖద్వారం గుండా పెట్టకూడదని, యోనిని కోసేముందే గడ్డను మూసివేయాలని నియమం పెట్టారు. కార్యకారణ సంబంధం అర్థమైనవారు పెట్టిన నియమం అది.

యంత్రానికి అనుమతి ఇచ్చిన తీరులోనే ఈ చిక్కుకు మూలం ఉందని నా అభిప్రాయం. ఎఫ్‌డీఏ 2019 ఫిబ్రవరిలో చేసిన హెచ్చరికలో స్వయంగా ఒప్పుకున్న సంగతి ఇది: ఇలాంటి పరికరాలను పరిశీలించేటప్పుడు సాధారణంగా ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లో వచ్చే సమస్యలనే చూస్తారు. క్యాన్సర్ నివారణలో, చికిత్సలో వాటి భద్రత, ప్రయోజనం నిర్ధారణ కాలేదని కూడా ఆ హెచ్చరిక స్పష్టంగా చెప్పింది. ముప్ఫై రోజుల పరీక్షలో నెగ్గిన యంత్రాన్ని అయిదేళ్ళ జబ్బుకు వాడుతున్నామన్న స్పృహ కొనేవారిలోనూ వాడేవారిలోనూ ఉండాలి.

అండాశయ క్యాన్సర్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. జబ్బు పొట్టంతా పాకిన దశలో కంటికి కనిపించే ముక్క ఏదీ మిగలకుండా తీయడమే ఆపరేషన్ లక్ష్యం. అందుకు పేగుల మడతలనుంచి డయాఫ్రం వెనుకదాకా చూడాలి, తడమాలి. అక్కడ నిలువు కోతదే పైచేయి. అలాగని ఎక్కువ తీయడమే ఎక్కువ మేలనుకోవడమూ పొరపాటే: కనిపించే జబ్బంతా తీసివేశాక, మామూలుగానే ఉన్న లింఫ్ గ్రంథులను కూడా తీస్తే లాభమేమీ లేకపోగా 60 రోజుల్లోపు మరణాలు 0.9 శాతంనుంచి 3.1 శాతానికి పెరిగాయని 647 మందితో జరిగిన లయన్ ట్రయల్ 2019లో చూపింది.

ముఖద్వార క్యాన్సర్‌లో చిన్న గడ్డలకు మాత్రం 2024లో ఒక కొత్త దారి తెరుచుకుంది. గడ్డ రెండు సెంటీమీటర్లు మించని, తక్కువ ప్రమాదమున్న 700 మంది స్త్రీలతో జరిగిన షేప్ ట్రయల్‌లో, చుట్టూ ఉన్న కణజాలం జోలికి పోకుండా గర్భాశయాన్ని తీసే సాధారణ హిస్టరెక్టమీ చేసినవారిలో మూడేళ్ళకు కటిలో జబ్బు తిరగబెట్టింది 2.52 శాతం, రాడికల్ చేసినవారిలో 2.17 శాతం, మూత్ర సంబంధమైన ఇబ్బందులు సాధారణ వర్గంలో తగ్గాయి. ఇందులో ఎక్కువ ఆపరేషన్లు చిన్న రంధ్రాలతోనే జరిగాయి కాబట్టి రోబో మళ్ళీ తిరిగొచ్చిందని కొందరు సంబరపడ్డారు. కాని ఈ ట్రయల్‌లో రోగులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీసింది ఎంత తీయాలన్న విషయానికే, ఏ దారిన తీయాలన్నదానికి కాదు. ఆ జవాబును ఇందులోంచి పిండడం సరికాదు.

కాబట్టి కొనుగోలుదారుగా కాకపోయినా రోగిగా ఈ యంత్రం ముందుకు వచ్చేవారికి నా సిఫారసు ఇలా ఉంటుంది. తొలిదశ గర్భాశయ క్యాన్సర్, శరీరం బరువు ఎక్కువ, సర్జన్‌కు ఈ యంత్రంపై మంచి అలవాటు ఉంటే రోబోను సంతోషంగా ఒప్పుకోవచ్చు. బరువు మామూలుగా ఉండి, లాపరోస్కోపీలో చేయితిరిగిన సర్జన్ దొరికితే రోబోకోసం అదనంగా ఖర్చుపెట్టవలసిన అవసరం కనిపించదు. దీని పరికరాలను ఇన్నిసార్లు మాత్రమే వాడాలనే పరిమితి ఉండడంవల్ల ప్రతి ఆపరేషన్‌కూ ఆ ఖర్చు తోడవుతూనే ఉంటుంది. ముఖద్వార క్యాన్సర్‌కు రాడికల్ హిస్టరెక్టమీ రోబోతో చేస్తామంటే, అది ట్రయల్‌లో భాగమా కాదా, మానిప్యులేటర్ వాడతారా, యోనిని కోసేముందు గడ్డను ఎలా మూస్తారు అని అడగాలి. మూడింటికీ స్పష్టమైన జవాబు రాకపోతే పొట్ట కోసి చేసే ఆపరేషన్‌నే కోరడం మంచిది.