జడత్వం చెప్పాలంటే ఏది మేలు: సిటీ బస్సా, క్యారమ్ బోర్డా?

పెదవాల్తేరులో మా మేడ మీద సాయంత్రం పూట ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతాను. గమన నియమాల పాఠాన్ని చాలా ఏళ్లు సిటీ బస్సుతోనే మొదలుపెట్టాను. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర డ్రైవర్ సడన్ బ్రేక్ కొడితే ఏమవుతుంది? "ముందుకి పడిపోతాం సార్!" అని అందరూ ఒక్కసారే అరిచేవారు. పాఠం అదిరిపోయిందని నేనూ మురిసిపోయేవాణ్ణి. తీరా టెస్ట్ పెడితే సగం పేపర్లలో ఒకటే జవాబు: "బ్రేక్ వేసినప్పుడు జడత్వ బలం మనల్ని ముందుకు తోస్తుంది."

జడత్వం బలం కాదు. ఆగి ఉన్నా, కదులుతున్నా, ఒక వస్తువు తన స్థితిని దానంతట అది మార్చుకోలేకపోవడమే జడత్వం. బ్రేక్ పడ్డప్పుడు మనల్ని ముందుకు తోసేది ఏదీ లేదు. బస్సు నెమ్మదించింది, మనం అదే వేగంతో పోతున్నాం, అంతే. కానీ బస్సులో నిలబడ్డవాడికి అలా అనిపించదు, వెనకనుంచి ఎవరో నెట్టినట్టే ఉంటుంది. అదే బస్సును స్టాపులో నిలబడి చూసేవాడికి విషయం తేలిగ్గా తెలుస్తుంది. నేను పిల్లల్ని బస్సు ఎక్కించాను గానీ, దించి చూపించలేదు. తోయకపోతే ఏ వస్తువైనా ఆగిపోతుందని గట్టిగా నమ్మే పిల్లాడికి బస్సు ఉదాహరణ ఇస్తే, తోసేవాణ్ణి వాడే కల్పించుకుంటాడు. ఆ కల్పితానికే 'జడత్వ బలం' అని పేరు పెట్టాడు.

ఆ నమ్మకం పిల్లలది మాత్రమే అనుకోకండి. అరిస్టాటిల్ చెప్పిందీ దాదాపు అదే, దాన్ని కదిలించడానికి సుమారు రెండు వేల ఏళ్లు పట్టింది. మన తొమ్మిదో తరగతివాడికి నాలుగు పీరియడ్లు ఇస్తున్నాం.

ఇక బోర్డు మీద ముందే F = ma (బలం = ద్రవ్యరాశి × త్వరణం, అంటే వేగం మారే రేటు) అని రాసి, లెక్కలు చేయించే పద్ధతి ఉంది. మార్కులు వస్తాయి, కాదనను. కానీ బలం అంటే ఏమిటో తెలియకముందే సూత్రం ఇవ్వడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

నేను ఇప్పుడు మొదట తీసేది క్యారమ్ బోర్డు. విశాఖ వానాకాలం గాలికి బోర్డు తేమ పట్టి ఉంటే ఇంకా మంచిది. పౌడర్ చల్లకుండా ఒక కాయిన్‌ని కొట్టమంటాను. కాస్త దూరం పాకి, మధ్యలోనే ఆగిపోతుంది. తర్వాత బోరిక్ పౌడర్ చల్లి, అరచేత్తో బాగా రుద్ది, మళ్లీ కొట్టమంటాను. ఈసారి అవతలి గోడకు తగిలి, వెనక్కి కూడా వస్తుంది. దెబ్బ ఇంచుమించు అదే, ప్రయాణం ఎందుకు పెరిగింది?

మొన్న ఒక కుర్రాడు "పౌడర్ తోస్తోంది సార్" అన్నాడు. పక్కవాడు ఊరుకోలేదు. "పౌడర్ ఎక్కడ తోస్తాదిరా, ఇందాక బోర్డు ఆపీసింది, ఇప్పుడు సరిగ్గా ఆపలేకపోతంది." ఆ మాట కోసమే నేను నోరు మూసుకుని కూర్చుంటాను. కదలడానికి కారణం వెతికే పిల్లలు, ఆగడానికి కారణం వెతకడం మొదలుపెట్టారు. అప్పుడు అడుగుతాను: ఆపేది అసలేదీ లేకపోతే? కొంచెంసేపు చప్పుడుండదు. తర్వాత ఎవరో ఒకరు నెమ్మదిగా "ఆగదా సార్?" అంటారు.

గెలీలియో చేసిన ఆలోచనా ఇదే. ఆయన వాడింది వాలు పలకలు. ఒక వాలు మీంచి దొర్లిన గుండు ఎదుటి వాలు మీద దాదాపు అదే ఎత్తుకు ఎక్కుతుంది. ఎదుటి వాలును తగ్గించేకొద్దీ ఆ ఎత్తు అందుకోవడానికి మరింత దూరం పోతుంది. వాలు పూర్తిగా పోయి చదునైతే? ఘర్షణ లేకపోతే పోతూనే ఉంటుంది. న్యూటన్ 1687లో తన ప్రిన్సిపియా గ్రంథంలో దీన్నే మొదటి నియమంగా పెట్టాడు.

రెండో నియమానికీ, అంటే ఆ F = ma కీ, క్యారమ్స్ పనికొస్తుంది. స్ట్రైకర్ బరువు 15 గ్రాములు మించకూడదని ఆట నియమం, కాయిన్ 5 గ్రాముల పైచిలుకు. అంటే దాదాపు మూడింతల తేడా. కాకపోతే వేలి దెబ్బ రెండుసార్లు ఒకేలా పడదు. అందుకని చెక్క మీద రెండు మేకులు కొట్టి, రబ్బరు బ్యాండు తగిలించి, ప్రతిసారీ స్కేలు మీద ఒకే గీత దాకా లాగి వదలమంటాను. కాయిన్ రివ్వున పోతుంది, స్ట్రైకర్ తాపీగా బయల్దేరుతుంది. లాగిన బలం ఒకటే, ద్రవ్యరాశి పెరిగితే త్వరణం తగ్గింది. మన ఊళ్లో ఇది పెద్ద సైజులో చూడాలంటే డాల్ఫిన్స్ నోస్ కింద పోర్టు కాలువలోకి వచ్చే ఓడల్ని చూడాలి. భారీ ఓడను టగ్గు (ఓడల్ని నెట్టే, లాగే చిన్న పడవ) నెడుతూ ఉంటే ముందు ఏమీ జరగనట్టే ఉంటుంది. బలం ఉంది, కదలిక మార్పు కంటికి ఆనదు. ఆ తర్వాత ఓడ ఆగాలన్నా అంతే ఆలస్యం.

గ్లాసు మీద అట్ట, అట్ట మీద రూపాయి బిళ్ల, అట్టను తన్నితే బిళ్ల గ్లాసులో పడే ప్రయోగం గురించి కూడా అడుగుతారు. చూడ్డానికి బాగుంటుంది, చప్పట్లు పడతాయి. కానీ అది నిశ్చల జడత్వమే చూపిస్తుంది, కదిలేది కదులుతూనే ఉంటుందన్న కష్టమైన సగాన్ని ముట్టుకోదు. పైగా ఎవడో ఒకడు అట్టను మెల్లగా లాగి, "ఇప్పుడు బిళ్ల కూడా వచ్చేసింది కదా సార్, జడత్వం ఎటు పోయింది?" అంటాడు. ఘర్షణ పనిచేసిన సమయం ఎక్కువైంది కాబట్టి బిళ్లకు వేగం వచ్చింది. మంచి ప్రశ్నే, మొదటి రోజుకు మాత్రం బరువు.

ఫోన్‌లో సిమ్యులేషన్ పెడితే ఘర్షణను సున్నా చేయొచ్చు, అది క్యారమ్ బోర్డుకు చేతకాదు. బోర్డు తర్వాత చూపిస్తే బంగారం. ముందే చూపిస్తే "గేమ్‌లో అలా పెట్టారు" అనుకుంటారు.

అలాగని బస్సును వదిలేయలేదు. క్యారమ్ బోర్డుకు ఒక లోటుంది: అది కంటికి తెలుస్తుంది, ఒంటికి తెలియదు. అందుకే బస్సు రెండో రోజు వస్తుంది, ప్రశ్న మార్చుకుని. నిన్ను తోసిందెవరు అని అడగను, నిన్ను ఆపిందెవరు అంటాను. గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే బస్సు 2 సెకన్లలో ఆగిందనుకుందాం. 40 కిలోల పిల్లాడు కూడా దాంతోపాటే ఆగాలంటే వెనక్కి 200 న్యూటన్ల బలం కావాలి. దాదాపు 20 కిలోల బియ్యాన్ని చేతుల్లో మోసినంత. అదంతా చెప్పులు, ఫ్లోరు, పట్టుకున్న రాడ్డు కలిసి ఇవ్వాలి. రాడ్డు పట్టుకోమని కండక్టర్ ఎందుకు అరుస్తాడో అప్పుడు లెక్కలో కనిపిస్తుంది.

ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుందనే మూడో నియమానికి మాత్రం ఈ రెండూ చాలవు. స్ట్రైకర్, కాయిన్ ఢీకొట్టడం రెప్పపాటులో అయిపోతుంది. దానికి ఆర్కే బీచ్‌ మేలు. పొడి ఇసుకలో పరుగెత్తమంటే కాళ్లు లాగేస్తాయి, తడి ఇసుకలో తేలిగ్గా పోతారు. మనం ఇసుకను వెనక్కి తోస్తాం, ఇసుక మనల్ని ముందుకు తోస్తుంది. పొడి ఇసుక కాలి కింద జారిపోతే మనం గట్టిగా తోయలేం, అదీ గట్టిగా తిరిగి తోయదు. చర్య, ప్రతిచర్య సమానమైతే రెండూ కొట్టేసుకోవా అని అడిగేవాళ్లకు అక్కడే పాదం, ఇసుక వేర్వేరుగా చూపించొచ్చు. ఒక బలం ఇసుక మీద, ఇంకోటి మన మీద. వేరువేరు ఖాతాల్లో డబ్బు కొట్టేసుకోదు కదా.

కాబట్టి నా వరుస: మొదట క్యారమ్ బోర్డు, తర్వాత బస్సు, ఆదివారం వీలైతే బీచ్, సూత్రం ఆఖర్న.

ఈసారి బస్సు పాఠం అయ్యాక ఒక అమ్మాయి లేచి, "సార్, మరి కండక్టర్ రాడ్డు పట్టుకోకుండానే టికెట్లు కొడతాడు, ఆయన్నెవరు ఆపుతున్నారు?" అంది. పాదాలు ఎడంగా పెడతాడమ్మా, ఫ్లోరు ఆపుతుంది అన్నాను. మర్నాడు మెట్లెక్కుతూనే చెప్పింది: "పాదాలే కాదు సార్, ఇవాళ చూశాను. నడుం సీటు కమ్మీకి ఆనించి నిలబడతాడు."