క్విక్ డ్రెయిన్ వాల్వ్ వాడాక: తగ్గిన పని ఎంత, మిగిలిన పని ఎంత

సొంతంగా కారు ఆయిల్ మార్చుకునేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది. పాత ఆయిల్ దించే రంధ్రానికున్న డ్రెయిన్ బోల్ట్ తీసేసి, కుళాయిలా తెరిచి మూసే క్విక్ డ్రెయిన్ వాల్వ్ బిగించుకుంటే ఈ బాధ తగ్గుతుందా? కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి నా జవాబు చెబుతాను. ఆయిల్ దించడం చాలా సులువవుతుంది. ఆయిల్ మార్చడం మాత్రం అంత సులువవదు. ఈ రెండిటికీ మధ్య తేడా ఎంతో వాల్వ్ కొనేముందు ఎవరూ చెప్పరు, అమ్మేవాళ్లు అసలే చెప్పరు.

వస్తువు చిన్నది. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే పళ్లెం, అంటే ఆయిల్ పాన్, దాని అడుగున ఉండే బోల్ట్ స్థానంలో, అదే మర కొలతతో వచ్చే వాల్వ్. బాగా కనిపించేవి రెండు రకాలు. జపాన్ కంపెనీ ఫుమోటో వాల్వుల్లాంటి వాటికి లివర్ ఉంటుంది, లోపల రంధ్రం ఉన్న చిన్న గుండు ఉంటుంది. స్ప్రింగ్‌కి ఎదురుగా లివర్‌ని కదిపి గాడిలోంచి తప్పించి పావు చుట్టు తిప్పితే ఆయిల్ దారి తెరుచుకుంటుంది. జర్మనీ నుంచి వచ్చే స్టాల్‌బస్ లాంటి వాటికి లివర్ ఉండదు. పైమూత విప్పి, గొట్టం ఉన్న కనెక్టర్‌ని చేత్తో బిగిస్తే అది లోపలి స్ప్రింగ్ వాల్వ్‌ని నెట్టి తెరుస్తుంది. ఇవి పాన్ కింద తక్కువగా పొడుచుకొస్తాయి కానీ ఆ కనెక్టర్‌ని పోగొట్టుకోకుండా దాచుకోవాలి. నేను వాడుతున్నది లివర్ రకం, మూతికి గొట్టం తగిలించుకునే నిపుల్ ఉన్నది.

హాయి ఎక్కడంటే, చేతుల దగ్గర. బోల్ట్ పద్ధతిలో చివరి మర వదిలే క్షణం ఎంత చిరాకో చేసినవాళ్లకి తెలుసు. వేడి ఆయిల్ మణికట్టు మీదుగా మోచేతిదాకా జారుతుంది, బోల్ట్ ట్రేలో పడిపోతుంది, నల్లటి ఆయిల్లో చెయ్యి పెట్టి వెతుక్కోవాలి. ధార కూడా ఒకచోట పడదు. మొదట్లో వేగంగా ముందుకి చిమ్ముతుంది, పాన్‌లో మట్టం తగ్గేకొద్దీ దగ్గరికి వచ్చేస్తుంది, ట్రేని దాంతోపాటు జరుపుతూ ఉండాలి. గాలి వీస్తే ఆ సన్నధార ఎటు పోతుందో చెప్పలేం. వాల్వ్‌కి గొట్టం తగిలిస్తే ఇదంతా లేదు. నీళ్ల డ్రమ్ముకి కుళాయి పెట్టినట్టే. గొట్టం రెండో కొస నేరుగా క్యానులో ఉంటుంది కాబట్టి ట్రేలోంచి క్యానులోకి గరాటు పెట్టి వంచే పని కూడా పోయింది. నిజానికి నేల మీద మరకలు ఎక్కువగా పడేది ఆ వంచేటప్పుడే.

మధ్యలో ఆపగలగడం ఇంకో సౌకర్యం. క్యాను నిండుతోందంటే లివర్ మూసి ఇంకోటి పెట్టుకోవచ్చు. కొత్త ఆయిల్ కాస్త ఎక్కువ పోశామని ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, చెబితే, బోల్ట్ విప్పాలంటే భయం, వాల్వ్ అయితే కాస్త వదిలి మళ్లీ చూసుకోవచ్చు. ఆయిల్‌ని ల్యాబ్‌కి పంపి ఇంజిన్ అరుగుదల చూసుకునే అలవాటు ఉన్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. మొదటి ఆయిల్‌తో అడుగున ఉన్న మడ్డి వస్తుంది, దాన్ని పోనిచ్చి మధ్యలో వచ్చే ఆయిల్‌ని సీసాలో పట్టుకోవాలి. బోల్ట్ తీసిన రంధ్రం కింద సీసా పెట్టి ఆ పని చేయడం సర్కస్.

అయితే చేతులు శుభ్రంగా ఉండటం కోసమే అయితే నేను వాల్వ్ పెట్టేవాణ్ణి కాదు. చేతికి తొడుగులున్నాయి. నా లెక్కలో అసలు కారణం మరలు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఆయిల్ పాన్ అల్యూమినియంతో ఉంటుంది, బోల్ట్ ఉక్కుది. ఒకే జతని ఏళ్ల తరబడి విప్పి బిగిస్తూ ఉంటే అరిగేది మెత్తని లోహమే. కంపెనీ చెప్పే బిగింపు చాలా కార్లకి 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్యలో ఉంటుంది, కానీ ఆ బిగింపు (టార్క్) ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచ్ పట్టుకునేవాళ్లు తక్కువ. లీక్ అవుతుందేమోనన్న భయంతో పొడుగు హ్యాండిల్ వేసి ఇంకో పట్టు పడతారు. అలా కొన్నిసార్లు జరిగాక ఒకరోజు బోల్ట్ తిరుగుతూనే ఉంటుంది, పట్టుకోదు. మర పోయిందంటే లోపల కొత్త మర తొడుగు వేయించాలి, లేదా పాన్ మొత్తం మార్చాలి. వాల్వ్ ఒకసారి బిగించాక ఆ మరల జోలికి దాదాపుగా పోనక్కర్లేదు. బోల్ట్ కింద నలిగే వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాల్సిన పనీ ఉండదు.

ఇక్కడో జాగ్రత్త. లివర్ రకం వాల్వ్ ఇత్తడిది, ఉక్కు బోల్ట్‌కి ఉన్న బలం దానికి లేదు. బోల్ట్‌కి రాసిన టార్క్‌నే దీనికీ వాడకూడదు. వాల్వ్‌తో వచ్చే కాగితంలో ఉన్న అంకెనే పాటించాలి, వాళ్లిచ్చిన వాషర్‌నే వాడాలి.

ఇక నచ్చనిది. నెమ్మది. వాల్వ్ లోపలి దారి పాన్‌కున్న రంధ్రం కంటే సన్నం. వ్యాసం సగమైతే దారి వైశాల్యం నాలుగో వంతు అవుతుంది, కాబట్టి చూడ్డానికి కొద్ది తేడాలాగే ఉన్నా ఆయిల్ దిగే వేగం బాగా పడిపోతుంది. బోల్ట్ తీస్తే భళ్లున వచ్చేసే ఆయిల్, దీంట్లోంచి తాపీగా దిగుతుంది. ఇంజిన్ చల్లగా ఉంటే ఇక చూడక్కర్లేదు, విసుగొస్తుంది. కాసేపు బండి తిప్పి ఆయిల్ వేడెక్కాక మొదలుపెడితే ఫర్వాలేదు. నేను లివర్ తిప్పేసి ఆయిల్ ఫిల్టర్ మార్చే పనిలో పడతాను కాబట్టి ఆ నిరీక్షణ నన్ను పెద్దగా బాధించదు. పక్కన నిలబడి ధారని చూస్తూ కూర్చునే మనిషికి మాత్రం ఇది సరిపడదు.

రెండోది, అడుగున కాస్త ఆయిల్ మిగలడం. వాల్వ్ మర కొస పాన్ లోపలికి కొద్దిగా పొడుచుకొస్తే ఆ గట్టు కింద ఉన్న ఆయిల్ బయటికి రాదు. దీని మీద కొందరు పెట్టుకునే టెన్షన్ నాకు అర్థం కాదు. బోల్ట్ పూర్తిగా తీసినా ఇంజిన్ తలభాగంలో, ఆయిల్ దారుల్లో, ఆయిల్ కూలర్ ఉంటే దానిలో పాత ఆయిల్ ఎలాగూ మిగిలే ఉంటుంది. దాని ముందు ఈ గట్టు దగ్గరి కొంచెం లెక్కలోకి రాదు. మడ్డి సంగతి వేరు. పాత ఇంజిన్, ఆయిల్ మార్పులు సరిగ్గా జరగని చరిత్ర ఉన్న బండి అయితే బంకలాంటి మడ్డి సన్నదారికి అడ్డం పడొచ్చు. అలాంటి బండికి ముందు కొన్నిసార్లు బోల్ట్‌తోనే దించి, ఆయిల్ శుభ్రంగా వస్తోందని చూశాక వాల్వ్ పెట్టడం మంచిది. కొన్ని బోల్టుల కొసన ఇనప రజను పట్టే అయస్కాంతం ఉంటుంది, వాల్వ్ పెడితే అదీ పోతుంది. నాకు ఆ లోటు కొంచెం ఉంది. అయస్కాంతం తుడిచేటప్పుడు ఇంజిన్ ఎలా ఉందో కంటికి కనిపించేది.

ఇప్పుడు మిగిలిన పని. ఫిల్టర్ ఎక్కడికీ పోలేదు. అది పట్టేసి ఉంటే అదే పట్టు, విప్పగానే అదే కారడం, కారు కింద అడ్డంగా ఉండే ఇనప దూలం మీద పడిన ఆయిల్‌ని గుడ్డపీలికతో అదే తుడవడం. కారు కింద ప్లాస్టిక్ షీల్డ్ ఉండి, దాంట్లో డ్రెయిన్ దగ్గర కిటికీ లేకపోతే, వాల్వ్ ఉన్నా షీల్డ్ విప్పాల్సిందే. కారు ఎత్తు తక్కువైతే జాకీ, స్టాండ్లు లేదా ర్యాంపులు తప్పవు. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి వాల్వ్ తిప్పడానికే కదా అని దూరడం ప్రాణాలతో ఆట. పాత ఆయిల్‌ని రీసైక్లింగ్‌కి ఇచ్చే బాధ్యత కూడా అలాగే ఉంటుంది. మొత్తం పనిలో వాల్వ్ తగ్గించింది ఒక ముక్కని మాత్రమే. అది మురికైన ముక్క, మరలకి ప్రమాదమైన ముక్క, ఆ మాట ఒప్పుకుంటాను.

కిందికి దూరడమే మీ అసలు బాధ అయితే, డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఆయిల్ పీల్చే పంపు గురించి ఆలోచించండి. ఫిల్టర్ పైనుంచి అందే ఇంజిన్లకి అదే నయం, కారు లేపే పనే ఉండదు. డిప్‌స్టిక్ లేని కొత్త కార్లకి ఆ దారి ఉండకపోవచ్చు.

“నడుస్తుండగా దానంతటది తెరుచుకుంటే?” అన్న భయం సహజమే. లివర్ ఒక్క కదలికతో తిరగదు. ముందు గాడిలోంచి తప్పించాలి, తర్వాత తిప్పాలి. పైన తగిలించుకునే క్లిప్ కూడా దొరుకుతుంది. నాది ఎప్పుడూ కదల్లేదు. మూసిన తర్వాత నిపుల్‌లో మిగిలిన రెండు మూడు చుక్కలు కారుతుంటాయి, దాన్ని చూసి లీక్ అనుకోవద్దు. తుడిచి, ఒక చిన్న రబ్బరు మూత పెడితే చాలు. నేను భయపడేది దెబ్బకి. వాల్వ్ పాన్ కంటే కిందికి వేలాడుతూ ఉంటే రాయి, స్పీడ్ బ్రేకర్ ముందు దానికే తగులుతాయి. డ్రెయిన్ రంధ్రం పక్కకి చూసే పాన్ అయితే ఈ బెంగ తక్కువ. సూటిగా కిందికి చూసేది అయితే ఒకసారి కింద పడుకుని, పక్కనున్న దూలం వాల్వ్ కంటే కిందికి ఉందో లేదో చూడాలి. లేకపోతే కొనొద్దు. రాళ్లదారుల్లో తిరిగే బండికి నేను పెట్టను. మోటార్‌సైకిల్‌కి కూడా పెట్టను. రేస్ ట్రాకుల మీద చాలాచోట్ల డ్రెయిన్ బోల్ట్‌కే తీగ చుట్టి కట్టాలన్న నియమం ఉంటుంది, ఆ జాగ్రత్త ఊరికే పుట్టింది కాదు.

బాగా గిట్టుబాటయ్యేది ఎవరికంటే, ఎత్తుగా ఉండి మనిషి చెయ్యి నేరుగా అందే వ్యాన్లకి, ట్రక్కులకి, గంటల లెక్కన తరచుగా ఆయిల్ మార్చాల్సిన జనరేటర్లకి. పెద్ద డీజిల్ ఇంజిన్లలో ఆయిల్ పదుల లీటర్లు ఉంటుంది, అంత ఆయిల్‌ని ఒక రంధ్రంలోంచి ఒకేసారి వదలడం కంటే అదుపులో వదలడం ఎంతో మేలు. ఏడాదికోసారి మార్చే కిందికున్న కారైతే, బోల్ట్ మరలు బాగుంటే, ఒక టార్క్ రెంచ్ కొనుక్కోండి. అది చక్రాల బోల్టులకీ పనికొస్తుంది.

కొనేటప్పుడు మర కొలత మోడల్ పేరుతో కాక ఇంజిన్‌తో సరిచూసుకోవాలి. ఎం12×1.25, ఎం14×1.5 (మర వ్యాసం, మరల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) రెండూ మామూలే, పేరు ఒకటే అయినా ఇంజిన్ మారితే కొలత మారొచ్చు. పాత బోల్ట్‌ని కొత్త వాషర్‌తో కలిపి డ్యాష్‌బోర్డ్ అరలో ఉంచండి. ఎప్పుడైనా బండి బయట సర్వీసుకి ఇస్తే వాల్వ్ సంగతి ముందే చెప్పండి. తెలియని చెయ్యి దాన్ని బోల్ట్ అనుకుని పానా వేసి విప్పేస్తుంది, మళ్లీ బిగించేటప్పుడు బోల్ట్‌కి పట్టినంత గట్టి పట్టు దానికీ పడుతుంది.