జిమ్‌అవేర్ సమీక్ష: సెట్ ఎక్కడ ఆపాలో చెప్పే తాడు

ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా కంపెనీ తయారుచేసే జిమ్‌అవేర్ చూడటానికి చిన్న పెట్టె. లోపల చక్రానికి చుట్టిన సన్నటి తాడు ఉంటుంది. దాని కొసను పట్టీతో బరువులెత్తే బార్‌కి తగిలిస్తే, బార్ ఎంత దూరం ఎంతసేపట్లో లేచిందో లెక్కపడి ప్రతి రెప్ (బరువును ఒకసారి లేపడం) వేగం టాబ్లెట్ మీద కనబడుతుంది.

తాడు పరికరాలకి పాత జబ్బు ఒకటుంది: తాడు పక్కకి ఒరిగితే లెక్క తప్పుతుంది. నిలువు నుంచి 15 డిగ్రీలు ఒరిగితే వేగం 3 శాతానికి పైగా తక్కువ చూపిస్తుంది. జిమ్‌అవేర్‌లో కోణం కొలిచే సెన్సర్ ఉంది కాబట్టి దాన్ని సరిచేసుకుంటుంది. అయినా పెట్టెను బార్ చివరకి సరిగ్గా కిందే పెట్టండి. అడుగున అయస్కాంతం ఉంది. రబ్బరు ప్లేటుకి అంటదు, ఇనుప ప్లేటు కావాలి.

అసలు విలువ సెట్ (ఆగకుండా వరసగా చేసే రెప్స్) ఎక్కడ ఆపాలో చెప్పడంలో ఉంది. 2017లో పరేహా-బ్లాంకో బృందం ప్రచురించిన 8 వారాల స్క్వాట్ పరిశోధనలో ఒక గుంపు వేగం 20 శాతం పడగానే సెట్ ఆపింది, రెండోది 40 శాతం పడేదాకా లాగింది. మొదటి గుంపు చేసిన రెప్స్ చాలా తక్కువ. బలం ఇద్దరికీ దాదాపు ఒకేలా పెరిగింది, నిలువు జంప్ మాత్రం మొదటి గుంపులో బాగా మెరుగైంది. కండ పెరగడంలో రెండో గుంపుదే పైచేయి. కాబట్టి జంపర్‌కి, స్ప్రింటర్‌కి 10 నుంచి 20 శాతం హద్దు చాలు. సెట్‌లో వేగమైన రెప్ సెకనుకి 0.70 మీటర్లు అయితే, 0.56కి పడగానే బార్ ర్యాక్‌లో పెట్టేయాలి. ఈ నిర్ణయం కంటితో తీసుకోవడం మంచి కోచ్‌కైనా కష్టం.

వేగం చూసి వన్ రెప్ మాక్స్ (ఒక్కసారి మాత్రమే లేపగలిగే గరిష్ఠ బరువు) అంచనా కట్టడం మాత్రం నమ్మదగ్గ పని కాదు. ఆ గరిష్ఠ బరువు లేపేటప్పుడు వేగం బెంచ్ ప్రెస్‌లో సెకనుకి సుమారు 0.17 మీటర్లు, స్క్వాట్‌లో 0.30 అంటారు. కానీ ఫ్రీ బార్ (పట్టాల్లో బిగించని మామూలు బార్) స్క్వాట్‌లో అది ఒకే మనిషికి రోజురోజుకీ మారుతుంది. అందుకే ఆ అంచనా తప్పుతుంటుంది, చాలాసార్లు అసలు బరువు కంటే ఎక్కువగా వస్తుంది. వార్మప్‌లో ఒకే బరువుకి ఈరోజు వేగం ఎంతుందో పోల్చుకోండి, అది పనికొస్తుంది. 0.03 తేడాకి ప్లాన్ మార్చొద్దు. 0.07 దాటి పడితే బరువు 5 శాతం తగ్గించండి.

తప్పులు ఎక్కువగా వచ్చేది మనుషుల దగ్గరే. ప్రతి రెప్ పూర్తి ఉద్దేశంతో, వీలైనంత వేగంగా లేపకపోతే ఏ అంకెకీ అర్థం లేదు. స్క్వాట్ లోతు తగ్గితే వేగమూ మారుతుంది, అందుకే తెరమీద దూరం అంకెనీ చూడండి. స్క్వాట్, బెంచ్‌లకి సగటు వేగం, క్లీన్‌కీ (బార్‌ని నేల నుంచి భుజాల దాకా ఒక్క ఊపులో లేపడం) జంప్ స్క్వాట్‌కీ గరిష్ఠ వేగం చూడాలి. జంప్ స్క్వాట్‌లో బార్ భుజాల మీంచి లేస్తే అంకె ఉబ్బుతుంది. విప్పాక తాడును ఒక్కసారిగా వదలకండి, చేత్తో నడిపించి లోపలికి పంపండి.

టెక్నిక్ ఇంకా కుదరని కొత్తవాళ్ళకి ఇది ఇప్పుడే అక్కర్లేదు. ముగ్గురు నలుగురు ఒకే ర్యాక్ పంచుకునే జట్టుకి ఒక్క పెట్టె సరిపోతుంది.